తాడు కట్టని నెల

ఆ ఏడు హేమవల్లీ రాజ్యంలో మబ్బు అనేది మాటల్లో తప్ప ఆకాశంలో కనబడలేదు. రోహిణి వెళ్ళింది, మృగశిర వెళ్ళింది, ఆరుద్ర కార్తె కూడా ఉత్త చేతులతో వచ్చి ఉత్త చేతులతోనే పోయింది. రాజధాని రత్నకూటంలో ఈ సంగతి పెద్దగా తెలియలేదు. అక్కడి పూలతోటలకు నీళ్ళు మోయడానికి ఏనుగులున్నాయి. తెలిసిందల్లా పొగడకోన అడవికీ, దాని అంచున బతికేవాళ్ళకూ.

పొగడకోన అంటే సామాన్యమైన అడవి కాదు. తొమ్మిది కొండల వరుస. ఒక్కొక్క మద్దిమాను చుట్టూ చేతులు కలపాలంటే నలుగురు మనుషులు కావాలి. వసంతంలో మోదుగులు పూస్తే కొండలు ఎర్రపట్టు కట్టుకునేవి. ఇప్పపూల మత్తు గాలిలో తేలివచ్చి బాటసారుల చేత దారి మరపించేది. వెదురు పొదల్లో గాలి దూరితే నెమళ్ళు మేత మాని వినేవి. అలాంటి అడవి ఇప్పుడు నిలువునా ఎండి గలగలలాడుతోంది. మూడేళ్ళుగా రాలిన ఆకు మోకాలి లోతున పేరుకుపోయి, అడుగు వేస్తే అప్పడం విరిగిన చప్పుడు చేస్తోంది. తేనెటీగలు పట్టులు విడిచి ఎటో పోయాయి. కోతులు సిగ్గు విడిచి ఊళ్ళలో నీళ్ళకుండల పక్కన వచ్చి కూర్చుంటున్నాయి.

ఆ ఆకుల మీదుగా, భుజాన గాజుల మలారం వేసుకుని, ఒక యువకుడు నడిచి వస్తున్నాడు. చూసేవాళ్ళకు గాజులవాడు. నిజానికి హేమవల్లీ యువరాజు నీలకేతుడు. మలారం మోసే అలవాటు లేక భుజం ఒరుసుకుపోయింది. ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు?

నెల కిందట స్నానఘట్టంలో, పళ్ళెంలో పెట్టిన రాజముద్రికను ఒక గద్ద తన్నుకుపోయింది. మెడ కింద బూడిదరంగు పట్టీ ఉన్న గద్ద. ఆ పట్టీ మాట వినగానే ముసలి మహామంత్రి తల పట్టుకున్నాడు. అది పక్షి కాదు, భస్మకంఠుడనే మాంత్రికుడు. ఒక మహారణ్యం ఒక్క కొమ్మ మిగలకుండా ఒకేసారి కాలితే, ఆ బూడిద ఒంటికి పూసుకుని చావు లేనివాడు కావాలని వాడి పంతం. ఇక ఆ ముద్రిక లేనిదే హేమవల్లిలో పాత శాసనం చెరగదు, కొత్త శాసనం పుట్టదు. అడవిని కాల్చాలనుకునేవాడికి ముద్రికతో ఏం పని? ఎంత ఆలోచించినా యువరాజుకు అంతుబట్టలేదు. మారువేషం వేసుకుని గద్ద పోయిన దిక్కు పట్టుకుని బయలుదేరాడు.

అంచుమెట్ట అనే పల్లె పొలిమేరలో ఒక రాతిస్తంభం ఎదురైంది. దాని మీద చెక్కి ఉన్నది తన శాసనమే.

"పొగడకోన అడవిలో నిప్పు పెట్టినవాని కుడిచేయి పట్టినచోటనే, పట్టిన క్షణముననే నరకబడును. రాజైనను, రాజపుత్రుడైనను ఇందుకు మినహాయింపు లేదు."

మూడేళ్ళ కిందట అతను ప్రాణంగా పెంచుకున్న జింక, పేరు జాబిల్లి, ఈ అడవిలోనే మంటల్లో మాడిపోయింది. అంచుమెట్టవాళ్ళు పెట్టిన నిప్పని తెలిసి, ఆ దుఃఖంలో రాయించిన శాసనమది. చివరి వాక్యం చదివినప్పుడు సభ అంతా జేజేలు కొట్టింది. ఆ వాక్యమంటే నీలకేతుడికి ఇప్పటికీ గర్వమే. ఒకసారి వేలితో దాన్ని తడిమి ఊళ్ళోకి నడిచాడు.

నలభై గడప ఊరు. ఊరికీ అడవికీ నడుమ ఒక వాగు ఉంది. దానిలో ఇసుక తప్ప తడి లేదు. ఊరి వాలకం మాత్రం వింతగా ఉంది. ఏ తలుపుకూ గడియ లేదు, అన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. గడప గడపకూ ఒక మూట సిద్ధంగా ఉంది. ఏ ఇంటా పొయ్యి వెలగడం లేదు. ఊరి నడుమ గోతిలో ఒక్క పొయ్యి ఉంది, దాని చుట్టూ తడిపిన మట్టి గట్టు ఉంది. ఆవులు, గేదెలు, కుక్కలు ఇష్టం వచ్చినట్టు తిరుగుతున్నాయి.

ఎనభై ఏళ్ళ ముసలమ్మ ఒకతి అతన్ని చూసి అరుగు మీద చోటు చూపించి, కొబ్బరిచిప్పలో సగానికి నీళ్ళు పోసి ఇచ్చింది. పేరు బూదెమ్మ, ఊరికి పెద్ద. ఆ సగం చిప్ప నీళ్ళు ఆ ఇంటికి ఎంత విలువో తెలియక యువరాజు సగం తాగి సగం పారబోశాడు. ఆమె ఆ తడిసిన నేల వంక చూసింది.

ఈలోగా ఒక మేక వచ్చి మలారం కప్పిన గుడ్డను నమలడం మొదలుపెట్టింది. అతను రెండుసార్లు అదిలించి చూశాడు. మూడోసారి విసుగుపుట్టి, మూట తాడు ఒకటి తీసి, మేకను గుంజకు కట్టేశాడు. లోపలికి వెళ్ళబోయిన బూదెమ్మ వెనక్కి తిరిగి కెవ్వున కేకేసింది.

"ఏటి సేసినావు గాజులోడా! ఇప్పు, ముందు ఆ తాడిప్పు!"

"గుడ్డ తినేస్తోంది అవ్వా. కాసేపు కట్టాను, అంతే."

"తింటే తిననీ. నీ గాజులన్నీ పగిల్తే పగలనీ. ఇది పొగ నెల. ఈ నెల్లో మా ఊళ్ళో పేనమున్న దేనికీ తాడు కట్టం. ఆవుకి నేదు, కుక్కకి నేదు, ఉయ్యాల్లో పిల్లకి సుట్టిన గుడ్డకి కూడా ముడెయ్యం. మంట ఎప్పుడొత్తాదో కబురెట్టి రాదు గదా. వొచ్చినాక ముడిప్పడానికి ఎవుడికుంటాది తీరిక? కట్టినోడు ఎటో ఉంటాడు, కట్టించుకున్నది మాడిపోద్ది. ఆ రాజుగోరి జింకనాగ."

ముడి విప్పుతున్న యువరాజు చేతులు ఆగిపోయాయి.

"ఏ జింక అవ్వా?"

"ఇంకేటుంది, మా బతుకులు తగలేసిన జింక." ఆమె మేకను తనే విడిపించి అరుగు మీద చతికిలబడింది. "ఏటేటా మాగ మాసంలో, నేల ఇంకా సెమ్మగున్నప్పుడే, వాగు పొడుగునా అడివి అంచుని సన్నంగా కాల్సీవోళ్ళం. గీత అంటాం దాన్ని. రాలిన ఆకు కాలిపోద్ది, మాను కాలదు. ఎండలు ముదిరినాక పైనుంచి పెద్ద మంటొచ్చినా గీత కాడికొచ్చీసరికి తినడానికేటీ నేక సచ్చిపోద్ది. మా తాతల్నాటి నుంచీ అదే. గీత కాల్సీ ముందు మూడు దినాలు అడివిలో దండోరా ఏసీవోళ్ళం."

"అడవిలో ఎవరికి దండోరా?"

"ఎవరికేటి? కుందేళ్ళకీ, నెమళ్ళకీ, పాములకీ. పిల్లల్ని తీసుకుని పోండమ్మా, మూడోనాడు నిప్పెడతాం అని. అవి పోయీవి. నవ్వకు, పోయీవి. ఆ ఏడు కూడా ఏసినాం. జింక కూడా ఇన్నాది. ఇంటే మాత్తరం ఎల్లడానికి దారేదీ? రాజుగోరి కొడుకు దాని సుట్టూ కంచె కట్టించినాడంట, ఆడుకోడానికి. మా సింగడు కంచె కాడికెల్లి కాపలావోళ్ళ కాళ్ళట్టుకున్నాడు, తలుపు తీయండి బాబూ, దాన్ని ఒగ్గీయండని. తాళంచెవి యువరాజుగోరి మొలతాడుకుంది, మావేటి సేత్తాం అన్నారు. సెమ్మ ఆరితే గీత కాల్సనేం గదా, ఎట్టక తప్పనేదు."

నీలకేతుడి చేయి తనంతట తానే మొలమీదికి పోయింది. వెండిగొలుసుకు కట్టిన చిన్న తాళంచెవి. జాబిల్లి దగ్గరికి తాను తప్ప ఇంకొకరు పోకూడదని, ముచ్చటగా, తానే ఉంచుకున్నాడు. జింక పోయాక ఆ తాళంచెవిని గుర్తుగా దాచుకున్నాడు కూడా. ఇప్పుడు ఈ మారువేషం కింద అది చల్లగా తగులుతోంది. అతనికి సిగ్గు వేసింది. ఇన్నాళ్ళ కోపం పోవడానికి చోటు లేక తనవైపే తిరిగింది.

ఇంటి వెనక నుంచి నలభై ఏళ్ళ మనిషి ఎండుకట్టెల మోపు తీసి దూరంగా పడేసి వచ్చాడు. సింగన్న, బూదెమ్మ కొడుకు. కుడిచేయి మణికట్టుతో ఆగిపోయింది. శాసనం వచ్చిన మొదటి ఏడు అతను భయపడక గీతకు నిప్పు ముట్టించాడు, ముట్టించగానే పట్టుబడ్డాడు. ఆ రాతిస్తంభం దగ్గరే నరికారు. గుంజకు ఒక పాత ఒడిసెల వేలాడుతోంది. ఒకప్పుడు జొన్నచేల మీద వాలే పిట్టను ఎగురుతుండగానే కొట్టేవాడట. ఇప్పటికీ ఎడమచేత్తో తిప్పగలడు. రాయి పెట్టి ఇవ్వమని పక్కవాళ్ళను అడగడానికే మనసొప్పదు.

"రాజుగారికి చెప్పుకోలేదా?" అన్నాడు యువరాజు.

"ఎల్లినాం" అన్నాడు సింగన్న. "నిప్పు పేరెత్తినోడు నేరగాడంట. గుమ్మం కాడ నుంచే తోలేసినారు. మూడేళ్ళు గీత నేదు తమ్ముడూ. మూడేళ్ళ ఆకు అక్కడే ఉంది."

అప్పుడు బోధపడింది యువరాజుకు, ముద్రికతో గద్దకేం పనో. ఈ శాసనం బతికి ఉన్నంతకాలం అడవి అంచున ఎవరూ అగ్గి ముట్టించరు. ఎవరూ ముట్టించకపోతే అడవి అంతా ఒక్క వంటచెరుకు మోపు. వాడు శాసనం రాయలేదు, రాయించలేదు. రాసి ఉన్నదాన్ని చెరగకుండా కాపాడుకున్నాడు, అంతే. మిగతా పని యువరాజే చేసిపెట్టాడు.

అతను నోరు విప్పేలోపే కుక్కలన్నీ ఒక్కసారి మొరిగాయి. కొండ కొప్పు మీద నల్లటి పొగ సుడి తిరిగి లేచింది. పొగ వెనకనే మంట. అది పాకలేదు, దూకింది. ఒక కొండ మీది వెదుళ్ళు పేలుతుంటే ఆ నిప్పురవ్వలు రెండో కొండ మీద పడుతున్నాయి. పడమటిగాలి దాన్ని తిన్నగా అంచుమెట్ట మీదికే తోలుకొస్తోంది. పొగలో పైన ఎక్కడో ఒక గద్ద రెక్కలు చాపి నింపాదిగా తిరుగుతోంది.

పారిపోవడానికి ఒకే దారి, వాగు వెంట. వాగు పొడుగునా రెండు కోసులు ఎండిన రెల్లు. ముసలివాళ్ళనూ చంటిపిల్లలనూ వేసుకుని ఆ రెల్లులో దిగితే మంటకు ఎదురెళ్ళి కూర్చున్నట్టే. బూదెమ్మ ఆ దారి వంక ఒక్కసారి చూసి, ఊరి పొయ్యిలోంచి నిప్పులు కుండలోకి ఎత్తి, పైన బూడిద కప్పి తెచ్చింది.

"ఎదురుగీత ఎట్టాల. అది ఇటొచ్చీలోగా వాగొడ్డు మీద మనం కాల్సీయాల. ఎవుడొత్తాడు?"

ఊరు ఊరంతా నిలబడింది. మగవాళ్ళు తమ కుడిచేతుల వంక చూసుకున్నారు. పొలిమేర రాయి అక్కడికి కనిపిస్తూనే ఉంది. వాళ్ళను పిరికివాళ్ళనడానికి మనకు నోరు రాదు, మన చేతులు మనకున్నాయి గనక.

"నాకింకోటుంది గదా" అని సింగన్న ఎడమచేయి చాపాడు.

యువరాజు అడ్డం వచ్చి కుండ అందుకున్నాడు. "ఇలా ఇవ్వవ్వా. నేను పైఊరివాణ్ణి. ఈ ఊరి చేతులు ఈ ఊరికి కావాలి."

"గాజులు తొడిగే సెయ్యి నాయనా" అంది బూదెమ్మ అతని మొహంలోకి చూసి. "అది పోతే ఏటి తిని బతుకుతావు?"

తన శాసనం కింద కొడుకు చేయి పోగొట్టుకున్న తల్లి తన చేయి గురించి బెంగపడుతోంది. అతను కుండ ఎత్తుకుని వాగు దాటాడు.

సింగన్న తప్పెట మెడలో వేసుకుని, ఎడమచేత్తో ఒక దెబ్బ, కుడి మొండితో ఒక దెబ్బ వేస్తూ అడవిలోకి పరుగెత్తాడు. "పోండమ్మా, పోండి! మూడు దినాలు నేవు, ఇప్పుడే పోండి!" ఆ కేకకు అడవి కదిలింది. కుందేళ్ళు, అడవిపందులు, పిల్లను వీపున వేసుకున్న ఎలుగుబంటి, దుప్పులు, తాచుపాములు అన్నీ వాగు దాటి ఊళ్ళోకే వచ్చాయి. తలుపులన్నీ తెరిచి ఉన్నాయి గనక ఒక గుమ్మంలో దూరి ఇంకో గుమ్మంలోంచి దూసుకుపోయాయి. ఎలుగుబంటి ఎవరింట్లోనో గంజికుండ తన్నేసి మరీ పోయింది. ఒక్కటీ ఎవరినీ ముట్టుకోలేదు. వాటి వెనకనే సింగన్న కూడా వాగు దాటి వచ్చేశాడు.

వాగొడ్డున యువరాజు కుండ వంచబోయాడు. బూదెమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"ఆగు."

"దగ్గరికి వచ్చేసింది అవ్వా!"

"రానీ. ఇప్పుడెడితే గాలి మన మంటని మన మీదకే తోల్తాది. పెద్ద మంట బాగా దగ్గరికొచ్చినప్పుడు గాలిని తనకేసి పీల్సుకుంటాది. నీ మెడ ఎనకాల సల్లగా తగుల్తాది. అప్పుడు."

ఎదురుగా మంట తాటిచెట్టు ఎత్తున లేచి హోరెత్తుతోంది. కనురెప్పల వెంట్రుకలు ముడుచుకుపోతున్నాయి. మద్దిమానులు నడిమికి పగులుతున్న చప్పుడుకు ఒళ్ళు జలదరిస్తోంది. ముసలమ్మ వేళ్ళు మాత్రం అతని మణికట్టు మీద బిగిసే ఉన్నాయి. "ఇంకా ఆగు" అంది. ఎన్నో యుద్ధాలు చేశాడు గానీ నిలబడి ఉండడం ఇంత కష్టమని అతనికి ఇదివరకు తెలియదు. అంతలో చెమట పట్టిన మెడ వెనక చల్లటి గాలి ఒకటి తాకింది.

"ఇప్పుడు!"

వాగొడ్డు వెంట పరుగు తీశాడు. పరుగెత్తుతూ నిప్పులు చల్లాడు. ఆకు భగ్గుమంది. ఆ చిన్న మంట ఊరివైపు చూడకుండా పెద్దమంట వైపే వంగి పాకింది. పాతిక బారలు, యాభై, నూరు. కుండ వేడికి అరచేతులు బొబ్బలెక్కాయి. తలపాగా అంటుకుంటే చేత్తో చరిచి ఆర్పుకున్నాడు. వెనక ఆడవాళ్ళు పచ్చి కానుగకొమ్మలతో రవ్వలను బాదుతూ వస్తున్నారు.

పొగలోంచి గద్ద వాలింది. దాని కాళ్ళలో మండుతున్న పుల్ల ఉంది! గీత మీదుగా, వాగు మీదుగా ఎగిరి, ఊరి కొసనున్న ఇంటి కప్పు మీద దాన్ని జారవిడిచింది. యువరాజు కుండ వెనక వస్తున్న బూదెమ్మ చేతికిచ్చి, వాగు దాటి పరుగెత్తి, ఒక్క గెంతులో చూరు పట్టుకుని పైకెక్కాడు. అంటుకున్న గడ్డిని రెండు చేతులా పెరికి కిందికి విసిరాడు. వాసం విరిగి ఇంట్లో పడ్డాడు, లేచాడు. గద్ద రెండో పుల్లతో వచ్చింది, మూడో పుల్లతో వచ్చింది. రెండో కప్పు మీది నిప్పును గంజినీళ్ళు ఆర్పాయి. మూడోది అతని వీపు మీదే పడింది, నేల మీద దొర్లి ఆర్పుకున్నాడు.

అప్పుడు రెండు మంటలూ కలిశాయి. నేల అదిరినట్టయింది. ఆకాశం దాకా ఒక్కటే జ్వాల లేచి, అక్కడ తినడానికేమీ లేక, లేచినంత తొందరగానూ కూలిపోయింది. ఆ తర్వాత ఊరి మీద బూడిద వానలాగా నింపాదిగా రాలింది. ఎవరిదో చంటిబిడ్డ ఏడిస్తే తల్లి నవ్వింది.

వాళ్ళకు ఆ నవ్వు కూడా పూర్తిగా దక్కలేదు. పొగ చూసి పదిమంది రౌతులతో దళపతి వజ్రబాహుడు వచ్చి వాగులో గుర్రం ఆపాడు. కాలిన కుండ వంక చూశాడు.

"అంచున ఈ నిప్పు పెట్టినది ఎవరు?"

"నానే" అంది బూదెమ్మ.

"నానే" అన్నాడు సింగన్న, ఎడమచేయి చూపిస్తూ.

ఇందాక నోరు మెదపని మగవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి "నానే" అనడం మొదలుపెట్టారు. యువరాజు అందరినీ తప్పించుకుని వచ్చి, మసి పట్టిన మొహం తుడుచుకుని, తలపాగా తీసేశాడు. దళపతి గుర్రం మీంచి జారినట్టుగా దిగాడు.

"యువరాజా! మీరా?"

ఆ మాటకు ఊరు బిగుసుకుపోయింది. సింగన్న అతని మొహం వంక చూశాడు, తర్వాత తన మొండిచేయి వంక చూసుకున్నాడు. బూదెమ్మ అక్కడే కూలబడింది.

"నేనే పెట్టాను" అన్నాడు నీలకేతుడు. "జింకను చంపిందీ నేనే. అడవిని ఎండబెట్టిందీ నేనే. ఆ రాతి మీద ఏం రాసుందో అది చెయ్యి."

"ముద్రిక దొరికితే శాసనం రద్దు చేయవచ్చు ప్రభూ! రాజధానికి పోయి..."

"పట్టినచోటనే, పట్టిన క్షణముననే అని ఉంది దళపతీ. ఈయన చెయ్యి నరికినప్పుడు నువ్వు రాజధానికి పోయి వచ్చావా?"

వజ్రబాహుడు తల వంచుకున్నాడు. అతని కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. యువరాజు పొలిమేర రాతి దగ్గరికి నడిచి, పక్కనున్న మొద్దు మీద కుడిచేయి చాపాడు. దళపతి గొడ్డలి అందుకున్నాడు.

అప్పుడే నీడ ఒకటి వాళ్ళ మీదుగా జారింది. గద్ద. గీత దగ్గర మంట చచ్చిపోగా కాలకుండా మిగిలిన కొండలను చూసుకుని కసిగా అరుస్తూ కిందికి దిగింది. దాని కాలివేలికి ఏదో తళుక్కుమంది.

"అన్నా" అన్నాడు యువరాజు, తల తిప్పకుండానే. "ఆ ఉంగరం కిందపడితే, నీ చెయ్యి తిరిగి రాదు. అది నాకు తెలుసు. కానీ ఆ రాతి మీది అక్షరాలు చెరుగుతాయి."

గద్ద వాళ్ళ తలల మీద ఇంకా చుట్లు తిరుగుతోంది. సింగన్న గబగబా ఇంటికిపోయి, గుంజకు వేలాడే ఒడిసెల తీసుకువచ్చి యువరాజు పక్కన నిలబడ్డాడు. దాని నడిమి అల్లికను అతని ముందు చాపాడు. మూడేళ్ళుగా ఎవరినీ అడగనివాడు అడిగాడు.

"రాయెట్టు."

యువరాజు కుడిచేయి మొద్దు మీదనే ఉంది. ఎడమచేత్తో నేల మీది గులకరాయి ఏరి అల్లికలో పెట్టాడు.

"నీ సెయ్యి కోసం కాదు" అన్నాడు సింగన్న. "వొచ్చే మాగానికి గీత కాల్సుకోడానికి."

ఒడిసెల గిర్రున తిరిగింది. రాయి పైకి లేచింది. గొడ్డలి కూడా లేచింది. నీలకేతుడు ఆ రెంటినీ చూడలేదు. వాగు ఇవతల నిలిచి ఉన్న కప్పులను ఒక్కటొక్కటే లెక్కపెట్టుకుంటున్నాడు. నలభై ఉన్నాయి.